ఫస్టియర్ 220, సెకండియర్ 185, ఫిజిక్స్‌కు ఒక్కరే జూనియర్ లెక్చరర్ (జేఎల్): సెక్షన్లు కలపాలా, విడగొట్టాలా?

ఇన్‌చార్జి_పాలమూరు
జూన్ 9, రాత్రి 8:40

నమస్కారం. మండల కేంద్రంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ. ఫస్టియర్‌లో ఎంపీసీ 124, బైపీసీ 96. సెకండియర్‌లో ఎంపీసీ 104, బైపీసీ 81. ఫిజిక్స్‌కు మంజూరైన పోస్టులు రెండు, ఉన్నది ఒక్కరు. రెండో పోస్టులో గెస్ట్ లెక్చరర్ కోసం రాశాం, అనుమతి ఇంకా రాలేదు. రోజుకు 7 పీరియడ్లు, వారానికి 42. ఫిజిక్స్ థియరీకి సెక్షన్‌కు వారానికి 4 పీరియడ్లు పెడుతున్నాం. తరగతి గదులు 20 × 25 అడుగులవి, ఇవి కాక ఒక పెద్ద హాలు ఉంది. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఒకేసారి 20 మందికి మించి చోటు లేదు.

కలిపితే ఒక్కో గదిలో వంద దాటుతుంది. విడగొడితే చెప్పేవాళ్లు లేరు. ఇలాంటి చోట టైంటేబుల్ వేసిన అనుభవం ఉన్నవాళ్లు లెక్కతో సహా చెప్పండి.

---

గణితం_కరీంనగర్
జూన్ 9, రాత్రి 9:05

ముందు గది లెక్క చూడండి సార్, మిగతాదంతా దాన్ని బట్టే ఉంటుంది. గది పొడవు 25 అడుగుల్లో బోర్డు ముందు 5 అడుగులు వదిలితే 20 మిగులుతుంది. బెంచీకి బెంచీకి మధ్య రెండున్నర అడుగులు వేసుకుంటే 8 వరసలు. అడ్డంగా మూడు బెంచీలు పడతాయి. అంటే 24 బెంచీలు, ముగ్గురు చొప్పున 72 మంది. సెక్షన్‌కు ఇంటర్ బోర్డు ఒప్పుకున్న 88 మందినీ కూర్చోబెట్టాలంటే 16 బెంచీల్లో నలుగురు ఇరుక్కోవాలి. నలుగురు కూర్చున్న బెంచీ మీద నాలుగు నోట్‌బుక్కులు తెరుచుకోవు. లెక్కల క్లాసులో అలా కూర్చున్నవాడు రాయడు, చూస్తాడంతే.

కాగితం మీద 88 అయినా మీ గదికి పరిమితి 72–74. సీబీఎస్ఈలో సెక్షన్‌కు 40 అన్న నిబంధన ఉంది. విద్యాహక్కు చట్టంలో టీచర్‌కు ఇంతమంది అన్న లెక్క 8వ తరగతితోనే ఆగిపోతుంది. ఇంటర్ పిల్లలకు ఆ రక్షణ లేదు. కాబట్టి గీత మనమే గీసుకోవాలి.

---

టైంటేబుల్_మాస్టారు
జూన్ 9, రాత్రి 10:30

సార్, లెక్క మొత్తం వేశాను. కాస్త పొడుగే, ఓపికగా చూడండి.

ముందు నిబంధన ప్రకారం. ఎంపీసీ ఫస్టియర్ 2 సెక్షన్లు, బైపీసీ ఫస్టియర్ 2 (96 అంటే 88 దాటింది), ఎంపీసీ సెకండియర్ 2, బైపీసీ సెకండియర్ 1. మొత్తం 7 సెక్షన్లు. థియరీ 7 × 4 = 28 పీరియడ్లు. ప్రాక్టికల్ బ్యాచులు ఫస్టియర్‌కు 11, సెకండియర్‌కు 9 (సెకండియర్ బ్యాచుల్లో ఐదింట 21 మంది వస్తారు, ఒక్కరిని ఎలాగోలా సర్దాలి). బ్యాచ్‌కు వారానికి 2 పీరియడ్ల చొప్పున 40. థియరీ, ప్రాక్టికల్ కలిపి వారానికి 68.

చేతిలో ఉన్నది చూడండి. రెగ్యులర్ వారికి 24 పీరియడ్లు అనుకుందాం. అంతకు మించితే ల్యాబ్ సర్దడానికీ పేపర్లు దిద్దడానికీ టైం ఉండదు. గెస్ట్‌కు నెలకు 72 పీరియడ్ల పరిమితి, అంటే వారానికి 18. ఇద్దరికీ కలిపి 42. కొరత 26 పీరియడ్లు.

ఇప్పుడు కలపడం గురించి. ఎంపీసీకీ బైపీసీకీ ఫిజిక్స్ సిలబస్ ఒకటే, పేపరూ ఒకటే. అందుకని గ్రూపు పేరు పక్కన పెట్టి మొత్తం సంఖ్యను విడగొట్టండి. ఫస్టియర్ 220ని మూడు బృందాలు చేయండి: మొదటిది 73 మంది, అందరూ ఎంపీసీ. రెండోది మిగిలిన 51 ఎంపీసీ, 22 బైపీసీ. మూడోది 74 బైపీసీ. మీ గదిలో సరిగ్గా పడతారు. 3 × 4 = 12 పీరియడ్లు.

సెకండియర్ 185 మందికి హాలు వాడండి. 93, 92 చొప్పున రెండు బృందాలు, ఒక్కోదానికి వారానికి 3 లెక్చర్లు: 6 పీరియడ్లు. నాలుగో పీరియడ్ హాల్లో వద్దు. 46, 46, 46, 47గా నాలుగు చిన్న బృందాలు చేసి ఒక్కోదానికి ఒక ప్రాబ్లమ్స్ పీరియడ్: 4. మొత్తం 10.

థియరీ 22 అయింది. ప్రాక్టికల్స్ రెండు వారాలకోసారి తిప్పితే ఫస్టియర్‌కు వారానికి సగటున 11, సెకండియర్‌కు 9. మొత్తం 42. ఇద్దరికీ సరిగ్గా సరిపోయింది.

ఒక మెలిక. బేసి సంఖ్య బ్యాచులు రెండు వారాలకు సమంగా పడవు. ఫస్టియర్ 6 బ్యాచులు వచ్చిన వారం సెకండియర్ 4 పెట్టండి, ఫస్టియర్ 5 వచ్చిన వారం సెకండియర్ 5. అప్పుడు ఏ వారమైనా 10 బ్యాచులు, 20 పీరియడ్లే.

రెండో బృందంలోని 22 మంది బైపీసీ పిల్లలకు ఫిజిక్స్ పీరియడ్ ఉన్నప్పుడు అదే సమయంలో బోటనీ, జువాలజీ పడకుండా చూసుకోవాలి. మొత్తం టైంటేబుల్‌లో ముందుగా నింపాల్సిన గళ్లు ఆ నాలుగే. మిగతావి తర్వాత.

---

భౌతికం_ఓరుగల్లు
జూన్ 10, ఉదయం 6:50

మాస్టారి లెక్క బాగుంది. మూడు చోట్ల తేడా కొడుతుంది, ముందే చెప్తున్నా.

ఒకటి, మీడియం. తెలుగు మీడియం పిల్లలు ఎంతమంది ఉన్నారో సార్ రాయలేదు. 20 మంది ఉన్నా సరే, వాళ్లను మూడు బృందాల్లో చల్లేయకుండా ఒకేదానిలో ఉంచండి. ఆ గదిలో బోర్డు మీద ప్రతి కొత్త మాటా రెండు రకాలుగా రాయాలి: త్వరణం – యాక్సిలరేషన్, ద్రవ్యవేగం – మొమెంటం. బోర్డును కుడి వైపు అడుగున్నర వదిలి నిలువు గీత గీసి, మాటలు అక్కడ రాసి పీరియడ్ అయ్యేదాకా చెరపకూడదు.

రెండు, బైపీసీ పిల్లలకు డిఫరెన్షియేషన్ రాదు, వెక్టర్లు రావు. ఎంపీసీ వాళ్లకు మ్యాథ్స్‌లో ఎలాగూ వస్తాయి. అందరినీ కలిపి కూర్చోబెట్టి రెండో వారంలోనే డీఎక్స్ బై డీటీ అంటే ఆ 22 మంది అక్కడే జారిపోతారు. మూడో బృందానికీ ఈ 22 మందికీ జూన్‌లో 5 పీరియడ్లు వేరుగా కావాలి: గ్రాఫు వాలు, చిన్న మార్పు అంటే ఏమిటి, సైన్–కాస్ విలువలు, వెక్టర్‌ను రెండు భాగాలుగా విడదీయడం, 10 ఘాతాలతో లెక్కలు. పక్కనే ఉన్న మ్యాథ్స్ లెక్చరర్ ఈ అయిదూ చెప్తే ఇంకా మంచిది.

మూడు, గెస్ట్ లెక్క. వారానికి 18 అన్నది నాలుగు వారాల నెలకే. 27 పనిదినాలున్న నెలలో నాలుగున్నర వారాలు వస్తాయి, 81 పీరియడ్లు కావాలి. 72 దగ్గర ఆగిపోతే నెలాఖరున 9 పీరియడ్లు ఖాళీ. వాటిని ముందే గుర్తించి నెల పరీక్షలు ఆ రోజుల్లో పెట్టండి. చెప్పకుండా వదిలేస్తే ఆ తొమ్మిది పీరియడ్లూ పిల్లలు గేటు బయట గడుపుతారు.

---

తల్లి_సిద్దిపేట
జూన్ 10, మధ్యాహ్నం 1:15

లెక్చరర్లు మాట్లాడుకుంటున్న చోట అడుగుతున్నందుకు ఏమనుకోకండి సార్. మా అమ్మాయిని బైపీసీలో చేర్పించాలి. కాలేజీకి వెళ్లినప్పుడు ఏమేం అడిగి తెలుసుకోవాలి?

---

భౌతికం_ఓరుగల్లు
జూన్ 10, మధ్యాహ్నం 2:00

తప్పకుండా అడగాలమ్మా. నాలుగు విషయాలు చూడండి. పోయినేడాది ప్రాక్టికల్ రికార్డు ఒకటి చూపించమనండి, అందులో తేదీలు జులై నుంచి ఉన్నాయా, అన్నీ జనవరిలోనే ఉన్నాయా చూడండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ నాలుగింటికీ ఈ రోజు కాలేజీలో ఉన్న లెక్చరర్లు ఎవరో అడగండి, మంజూరైన పోస్టుల సంఖ్య కాదు. సెక్షన్లో ఎంతమంది అని అడిగి, ఆ గదిలోకి ఒకసారి తొంగి చూడండి. స్లిప్ టెస్టులు వారానికి ఎన్ని, దిద్దిన కాగితం ఇంటికి పంపుతారా అని అడగండి. అంతే.

---

కెమిస్ట్రీ_మేడం
జూన్ 10, రాత్రి 7:20

ఫిజిక్స్ గురించే మాట్లాడుతున్నారు, కెమిస్ట్రీ ల్యాబ్‌లో సంఖ్య పెరిగితే ఏం జరుగుతుందో కూడా రాస్తాను. ఇన్‌చార్జి సార్‌కు పనికొస్తుంది.

సెకండియర్ టైట్రేషన్ తీసుకోండి, పొటాషియం పర్మాంగనేట్‌తో మోర్ లవణం (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్). 20 మంది బ్యాచ్ అంటే ఇద్దరికొకటి చొప్పున 10 బ్యూరెట్లు. ఒక్కో జంట నాలుగు రీడింగులు తీస్తుంది, రీడింగ్‌కు పిపెట్టుతో 20 మిల్లీలీటర్లు. 10 × 4 × 20 = 800 మిల్లీలీటర్లు, కడుక్కోవడానికి పోయేదీ కలిపి లీటరు. రెండు ద్రావణాలూ లీటరు చొప్పున. 0.05 మోలార్ మోర్ లవణానికి లీటరుకు 19.6 గ్రాములు, 0.01 మోలార్ పర్మాంగనేట్‌కు 1.58 గ్రాములు. 9 బ్యాచులకు మోర్ లవణం 176 గ్రాములు పైచిలుకు. అరకిలో సీసా ఒకటి కొంటే రెండు విడతలు చేయించవచ్చు. ఖర్చు పెద్దది కాదు. కొరత రసాయనాలది కాదు, తూచి కలిపే చేతులది.

మనుషులు చాలనప్పుడు ఎక్కడ చెడుతుందంటే: ద్రావణం సోమవారం ఒకేసారి 9 లీటర్లు కలిపేస్తారు. మోర్ లవణంలో ఫెర్రస్ ఇనుము గాలి తగిలి మారిపోతుంది. శుక్రవారం బ్యాచ్‌కు వచ్చేసరికి రీడింగులు తగ్గిపోతాయి, పిల్లలు తమదే తప్పనుకుంటారు. కలిపేటప్పుడు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం ముందే పోయకపోతే ద్రావణం మబ్బుగా, పసుపు–గోధుమ రంగులోకి తిరుగుతుంది. ఏ రోజుది ఆ రోజు ఉదయమే కలపాలి. పర్మాంగనేట్ గోధుమరంగు సీసాలో ఉండాలి.

కోనికల్ ఫ్లాస్కులో ఆమ్లం చాలకపోతే గులాబీ రంగు బదులు గోధుమరంగు మడ్డి వస్తుంది. ఇది పిల్లలు ఎక్కువగా చేసే తప్పు. 20 మందిలో ఇద్దరికి వస్తే పక్కకు వెళ్లి చూపిస్తాం: "ఆమ్లం పోశావా? కొలజాడీ ఏది?" అని. 40 మందిని లోపలికి పంపితే ఆ మడ్డి ఫ్లాస్కులు ఏడెనిమిది అవుతాయి, ఎవరి దగ్గరికీ వెళ్లలేం. అప్పుడు పక్కవాడి రీడింగ్ చూసి రాసుకుంటారు. నాలుగు రీడింగులూ చుక్క తేడా లేకుండా ఒకటే ఉన్న రికార్డులు అలా పుట్టినవే.

ఇంకొకటి. బ్యూరెట్ కొళాయి కింద గాలి బుడగ మిగిలితే మొదటి రీడింగ్ అరమిల్లీలీటరు వరకూ ఎక్కువ చూపిస్తుంది. బ్యూరెట్ నింపాక కొళాయి పూర్తిగా తెరిచి ఒక్కసారి బీకర్‌లోకి వదలమని చెప్పాలి. ఇది నల్లబోర్డు మీద చెప్తే ఎక్కదు, ప్రతి జంట పక్కనా ఒక అర నిమిషం నిలబడాలి. 10 జంటలకు 5 నిమిషాలు. 20 జంటలకు కుదరదు, ఎందుకంటే చివరి జంట దగ్గరికి వెళ్లేసరికి మొదటి జంట తప్పుతోనే పూర్తిచేసేస్తుంది.

అందుకే బ్యాచ్ 20 దాటనివ్వకండి. రెండు వారాలకోసారి అయినా పర్వాలేదు, 40 మందితో వారం వారం వద్దు.

---

రిటైర్డ్_జేఎల్
జూన్ 10, రాత్రి 9:45

అందరూ మంచి మాటలే చెప్పారు. కానీ అసలు ప్రమాదం ఎవరూ ప్రస్తావించలేదు. 68 పీరియడ్ల పనిని 42లో ఇమిడ్చి, వర్క్‌లోడ్ స్టేట్‌మెంట్‌లో (ఎన్ని పీరియడ్ల పని ఉందో పైకి పంపే కాగితం) కూడా 42 అనే రాసి పంపితే ఏమవుతుంది? "ఇద్దరితో సరిపోతోంది కదా" అంటారు. రేపు హేతుబద్ధీకరణ వస్తే ఆ ఖాళీ పోస్టును వేరే కాలేజీకి తీసుకెళ్తారు. సర్దుబాటు చేసిన కాలేజీయే నష్టపోతుంది.

టైంటేబుల్ ఒకటి, వర్క్‌లోడ్ మరొకటి. వర్క్‌లోడ్‌లో 7 సెక్షన్లు, 20 బ్యాచులు, 68 పీరియడ్లు అని పూర్తిగా చూపించాలి. పక్క కాలమ్‌లో "ప్రస్తుతం బోధిస్తున్నవి 42, బోధించలేకపోతున్నవి 26" అని రాయాలి. నామినల్ రోల్ (విద్యార్థుల పేర్ల జాబితా) జతచేయాలి. ప్రాక్టికల్ బ్యాచుల జాబితా జతచేయాలి, ఎందుకంటే పరిశీలించేవాళ్లు ముందు కొట్టేసేది ప్రాక్టికల్ పీరియడ్లనే. డీఐఈఓ (జిల్లా ఇంటర్ విద్యాధికారి) కార్యాలయానికి ఇచ్చి, అందినట్టు ఇన్వర్డ్ నంబరు తీసుకోండి. అడ్మిషన్లు ముగిసిన వారంలోనే ఒకసారి, ఆఖరి సంఖ్య తేలాక మళ్లీ ఒకసారి.

ఖాళీలు ఎందుకు ఇన్నేళ్లు ఉంటున్నాయో కూడా చెప్పుకోవాలి. 1,392 జేఎల్ పోస్టులకు టీఎస్‌పీఎస్సీ నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, నియామక పత్రాలు 2025 మార్చిలో అందాయి. నోటిఫికేషన్ నాడు ఫస్టియర్‌లో ఉన్న పిల్లలు ఇంటర్ దాటి డిగ్రీలో చేరిపోయేంత కాలం. ఆ మధ్యలో 2023లో కాంట్రాక్ట్ లెక్చరర్ల క్రమబద్ధీకరణ జరిగింది. వాళ్లకు న్యాయం జరిగింది, సంతోషం. కానీ వాళ్లు అప్పటికే పాఠం చెప్తున్నవాళ్లు, దానివల్ల తరగతి గదిలోకి కొత్త మనిషి రాలేదు.

ఇంకో కారణం, పరీక్షలు రాసేవాళ్లు ఒక్కరే ఉండడం. ఫిజిక్స్ పీజీ చేసిన ఒకే అభ్యర్థి గురుకుల జేఎల్, గురుకుల డిగ్రీ లెక్చరర్, ప్రభుత్వ జేఎల్ అన్నీ రాస్తాడు, రెండు మూడింటికి ఎంపికవుతాడు. ఒకటి పట్టుకుని మిగతావి వదిలేస్తే అవి ఖాళీగానే మిగులుతాయి. పై స్థాయి పోస్టులు ముందు నింపి కిందికి రావాలనేది అందుకే.

---

టైంటేబుల్_మాస్టారు
జూన్ 10, రాత్రి 10:10

పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఇచ్చిన 42 కేవలం క్లాసుల సర్దుబాటు. పైకి పంపే కాగితంలో 68 ఉండాల్సిందే.

---

నెల్లూరు_ఇంగ్లిష్
జూన్ 11, ఉదయం 10:20

ఆంధ్రలో కొన్నిచోట్ల సమస్య తిరగబడింది. 2022–23లో 292 హైస్కూళ్లను బాలికల కోసం హైస్కూల్ ప్లస్‌గా చేసి ఇంటర్ పెట్టారు. స్కూల్ అసిస్టెంట్లలో పీజీ ఉన్నవాళ్లను ఇంటర్ చెప్పడానికి తీసుకున్నారు. పిల్లలు తక్కువగా చేరిన చోట ఒక్కో గ్రూపులో పది పదిహేను మంది, పక్క మండలం జూనియర్ కాలేజీలో వంద. టీచర్లు ఉన్నచోట పిల్లలు లేరు, పిల్లలు ఉన్నచోట టీచర్లు లేరు. డిప్యుటేషన్ మీద పంపినా వారానికి రెండు రోజులు అన్నప్పుడు ఆ రెండూ వెంటవెంటనే వచ్చే రోజులై, రోజంతా అక్కడే ఉండేలా వేయాలి. ఉదయం ఇక్కడ, మధ్యాహ్నం అక్కడ అంటే బస్సులోనే రెండు పీరియడ్లు పోతాయి.

---

లెస్టర్_తెలుగు
జూన్ 11, మధ్యాహ్నం 3:40

ఇంగ్లండ్ సిక్స్త్ ఫార్మ్ సంగతి రాస్తాను, పోల్చుకోవడానికి. మన ఇంటర్ వయసే, 16 నుంచి 18. అక్కడా ఈ వయసు పిల్లలకు క్లాసు సంఖ్యపై చట్టం లేదు. 30 మంది పరిమితి అయిదు నుంచి ఏడేళ్ల చిన్నపిల్లల తరగతులకే. విద్యార్థికి ఇచ్చే మూల నిధి 2013 నుంచి 2020 దాకా ఏడాదికి 4,000 పౌండ్ల దగ్గరే ఆగిపోయింది, ధరలు మాత్రం పెరిగాయి. దాంతో చిన్న గ్రూపులను కలపడం, తక్కువమంది తీసుకునే సబ్జెక్టులు ఎత్తేయడం మొదలైంది. ఫిజిక్స్ టీచర్ల కొరత ఎంతంటే 2022–23లో శిక్షణకు చేరినవాళ్లు లక్ష్యంలో 17 శాతమే. 2023 నుంచి ఇండియాలో టీచర్ శిక్షణ, అనుభవం ఉన్నవాళ్లు మ్యాథ్స్, సైన్స్, భాషలకు అక్కడి టీచర్ హోదా కోసం నేరుగా దరఖాస్తు చేసుకునే వీలిచ్చారు. అంటే మన ఊళ్ల కొరత మీద ఇంకో లాగుడు కూడా ఉంది.

ఒక్కటి మాత్రం మనం తీసుకోదగ్గది. సిక్స్త్ ఫార్మ్ చివర రాసే ఏ–లెవెల్ ఫిజిక్స్‌లో కనీసం 12 ప్రయోగాలు చేసినట్టు రికార్డు ఉండాలి. వాటికి మార్కులు లేవు, పాస్ అయ్యారా లేదా అన్నదే సర్టిఫికెట్‌పై వేరుగా పడుతుంది. మార్కులు వేసే అవకాశమే లేదు కాబట్టి చేయని ప్రయోగానికి 30కి 30 అనే మాటే రాదు.

---

గణితం_కరీంనగర్
జూన్ 11, రాత్రి 8:15

దిద్దడం గురించి ఒక్క మాట మిగిలింది. 220 మందికి 60 మార్కుల పేపర్ పెడితే, పేపర్‌కు 8 నిమిషాలు అనుకున్నా 29 గంటల పైన. ఎవరివల్లా కాదు, అందుకే నెల పరీక్ష పెట్టి కట్టలు బీరువాలో పెడతారు. దాని బదులు వారానికొకసారి 10 నిమిషాల స్లిప్ టెస్ట్, ఒకే ఒక నాలుగు మార్కుల ప్రశ్న. పక్క బెంచీవాళ్లతో కాగితాలు మార్చి, బోర్డు మీద మెట్టుకు మార్కు వేసి చూపిస్తూ దిద్దించండి. ప్రతి అయిదో కాగితం మీరు మళ్లీ చూడండి, 44 కాగితాలు, అరగంటలో అవుతుంది. ఏ అయిదోది అన్నది వారం వారం మార్చాలి, పిల్లలు పసిగట్టేస్తారు.

హాల్లో 93 మందికి చెప్పేటప్పుడు బోర్డు మీద అక్షరం 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు. చివరి వరసలో మీరే ఒకసారి కూర్చుని చూసుకోండి. కింది అడుగు భాగం ముందువాళ్ల తలలు అడ్డొచ్చి కనపడదు, అక్కడ రాయకండి.

---

ఇన్‌చార్జి_పాలమూరు
జూన్ 12, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. తెలుగు మీడియం 31 మంది ఉన్నారు, 22 ఎంపీసీ, 9 బైపీసీ. అందరినీ రెండో బృందంలో పెట్టాం. గెస్ట్ అనుమతి వచ్చేదాకా థియరీ 22 పీరియడ్లూ రెగ్యులర్ మేడమే తీసుకుంటారు, మిగిలిన రెండింట్లో ల్యాబ్‌లో బ్యాచ్‌కు ఒకసారి వెర్నియర్, స్క్రూగేజ్ పరిచయం. బైపీసీకి ఆ 5 పీరియడ్లు మ్యాథ్స్ సార్ ఒప్పుకున్నారు, సోమవారం నుంచి మొదలు. వర్క్‌లోడ్ 68తోనే తయారైంది.

ఒక సందేహం. గెస్ట్ వచ్చాక సిలబస్ ఎలా పంచాలి? ఒక్కో బృందాన్ని ఒకరికి ఇవ్వాలా, చాప్టర్లు పంచుకోవాలా?

---

భౌతికం_ఓరుగల్లు
జూన్ 12, రాత్రి 10:05

చాప్టర్లే పంచండి సార్. బృందాలు పంచితే, గెస్ట్ మధ్యలో మానేసిన రోజు ఆ 73 మందికి సబ్జెక్టే ఆగిపోతుంది. ప్రమాణాలు నుంచి భ్రమణ గమనం దాకా ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ పాఠాలు మేడం దగ్గరే ఉంచండి. పదార్థ ఉష్ణధర్మాలు, ఉష్ణగతిక శాస్త్రం, అణుచలన సిద్ధాంతం, ఘనపదార్థాల, ప్రవాహుల యాంత్రిక ధర్మాలు గెస్ట్‌కు ఇవ్వండి. ఇవి విడిగా మొదలుపెట్టినా నడుస్తాయి, ఆగస్టులో వచ్చినా పూర్తవుతాయి. ఎక్కడిదాకా అయిందో రోజూ ఒకే రిజిస్టర్‌లో ఇద్దరూ రాయాలి, పేజీ నంబరుతో సహా. ఆ రిజిస్టర్ ల్యాబ్‌లో కాదు, స్టాఫ్‌రూమ్ బల్ల మీద ఉండాలి.